బికాజ్ పెట్టాలా, బికాజ్ ఆఫ్ పెట్టాలా? కారణం చెప్పే పదాలు ఒక్క ఎపిసోడ్‌లో

ఈ రోజు ఎపిసోడ్ చాలా మంది అడిగిన టాపిక్ మీద. కామెంట్స్‌లో ఒక అమ్మాయి ఇలా రాసింది: "సర్, నేను టెన్త్ దాకా తెలుగు మీడియం. ఇంగ్లిష్ సెంటెన్స్ చదివితే అర్థం అవుతుంది. కానీ ఆప్షన్లలో బికాజ్, బికాజ్ ఆఫ్, డ్యూ టు, సిన్స్ నాలుగూ కనబడితే నాలుగూ ఒకటే అనిపిస్తాయి. అన్నిటికీ తెలుగులో 'వల్ల' అనే కదా అర్థం?"

ఈ ప్రశ్న చాలా మంచి ప్రశ్న. సమస్య ఎక్కడుందో తనే పట్టేసింది. ఆ నాలుగింటి అర్థం దాదాపు ఒకటే. అందుకే అర్థం చూసి ఆన్సర్ పెడదామంటే కుదరదు. ఎగ్జామ్ అడిగేది అర్థం కాదు, ఆ పదం తర్వాత ఏం రావాలి, ముందు ఏం రావాలి అన్నది.

ఇదేమైనా చిన్న విషయమా? లెక్క చూడండి. ఎస్‌ఎస్‌సి సీజీఎల్ టియర్ వన్‌లో కరెక్ట్ ఆన్సర్‌కి 2 మార్కులు, తప్పు ఆన్సర్‌కి 0.50 కోత. అంటే ఒక్క ప్రశ్న రైట్ అవడానికీ రాంగ్ అవడానికీ మధ్య తేడా 2.5 మార్కులు. కటాఫ్ దగ్గర అర మార్కుతో, పావు మార్కుతో ఆగిపోయిన వాళ్లు మీ ఫ్రెండ్స్‌లోనే ఉండి ఉంటారు. పైగా ఈ పదాలు ఒక్క రకం ప్రశ్నలోనే రావు. ఫిల్ ఇన్ ద బ్లాంక్స్‌లో వస్తాయి, ఎర్రర్ స్పాటింగ్‌లో వస్తాయి, సెంటెన్స్ ఇంప్రూవ్‌మెంట్‌లో వస్తాయి, క్లోజ్ టెస్ట్‌లో వస్తాయి. ఒక్కసారి పట్టు దొరికితే నాలుగు చోట్లా పనికొస్తుంది. నోట్‌బుక్, పెన్ను దగ్గర పెట్టుకోండి. మొదలుపెడదాం.

ముందు మన తెలుగు సంగతి చూద్దాం. ఇంగ్లిష్ క్లాస్‌లో తెలుగు ఎందుకు అనుకోకండి. తప్పులు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలిస్తేనే ఆపగలం.

"వర్షం పడింది కాబట్టి మ్యాచ్ ఆగిపోయింది." ఈ మాట ఒకసారి పైకి అనండి. ఎక్కడ ఆగారు? 'కాబట్టి' తర్వాత ఆగారు. అంటే మన 'కాబట్టి' కారణానికి తోకలా అతుక్కుని ఉంటుంది. ఇప్పుడు ఇంగ్లిష్‌లో అనండి: "ఇట్ రెయిన్డ్, సో ద మ్యాచ్ వాజ్ స్టాప్డ్." ఇక్కడ ఎక్కడ ఆగారు? 'సో' కంటే ముందే ఆగారు. అంటే 'సో' ఫలితానికి తలలా అతుక్కుని ఉంటుంది. డిక్షనరీలో సో అంటే కాబట్టి అని ఉంటుంది, నిజమే. కానీ రెండూ కూర్చునే సీటు వేరు.

ఇక 'వల్ల'. తెలుగులో "వర్షం వల్ల" అంటాం, "వర్షం పడటం వల్ల" అంటాం, "వర్షం పడినందువల్ల" అని కూడా అంటాం. మన 'వల్ల' ఎవరినైనా కలుపుకుపోతుంది. ఇంగ్లిష్‌లో అలా కాదు. "వర్షం" అనే పేరు ఒక్కటే ఉంటే ఒక పదం, "వర్షం పడింది" అని పూర్తి వాక్యం ఉంటే ఇంకో పదం. మన భాషలో లేని ఈ తేడా దగ్గరే మనం జారిపోతాం. తెలివి తక్కువై కాదు. అలవాటు అలా ఉంది, అంతే.

సరే. ఇప్పుడు బ్లాంక్ కనబడగానే మీరు వేసుకోవాల్సిన ప్రశ్నలు మూడు.

మొదటిది: బ్లాంక్ తర్వాత ఉన్నది కారణమా, ఫలితమా?
రెండోది: బ్లాంక్ తర్వాత ఉన్నది పూర్తి వాక్యమా, కేవలం పేరా?
మూడోది: వాక్యంలో కారణం చెప్పే పదం ఇంకోటి ఆల్రెడీ ఉందా? కామా, సెమికోలన్ ఎక్కడున్నాయి?

ఈ మూడూ ఇదే ఆర్డర్‌లో వేసుకుంటే నాలుగు ఆప్షన్లలో రెండు, మూడు వాటంతట అవే ఎగిరిపోతాయి. ఒక్కోటి చూద్దాం.

మొదటి ప్రశ్న: కారణమా, ఫలితమా. మనకు రెండు జట్లు ఉన్నాయి. కారణం జట్టు: బికాజ్, సిన్స్, యాజ్, ఫర్, బికాజ్ ఆఫ్, డ్యూ టు, ఓయింగ్ టు, ఆన్ అకౌంట్ ఆఫ్, థ్యాంక్స్ టు. వీటి వెనకాల వచ్చేది ఎప్పుడూ కారణమే. ఫలితం జట్టు: సో, దేర్‌ఫోర్, హెన్స్, దస్, కాన్సిక్వెంట్లీ, యాజ్ ఎ రిజల్ట్. వీటి వెనకాల వచ్చేది ఎప్పుడూ ఫలితమే.

ఇక్కడ ఒక కవల పిల్లల జత ఉంది, జాగ్రత్త. 'యాజ్ ఎ రిజల్ట్' ఒకటి, 'యాజ్ ఎ రిజల్ట్ ఆఫ్' ఇంకోటి. ఆఫ్ లేకపోతే వెనకాల ఫలితం వస్తుంది. ఆఫ్ ఉంటే వెనకాల కారణం వస్తుంది. 2024 సెప్టెంబర్ మొదట్లో భారీ వర్షాలు పడ్డాయి, బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలు మునిగాయి, చాలా రైళ్లు రద్దయ్యాయి, గుర్తుంది కదా. దాన్నే రెండు రకాలుగా చెబుదాం.

"ఇట్ రెయిన్డ్ హెవిలీ. యాజ్ ఎ రిజల్ట్, మెనీ ట్రెయిన్స్ వర్ క్యాన్సిల్డ్."
"యాజ్ ఎ రిజల్ట్ ఆఫ్ హెవీ రెయిన్, మెనీ ట్రెయిన్స్ వర్ క్యాన్సిల్డ్."

ఒక్క 'ఆఫ్' వల్ల దిశే మారిపోయింది. ఇదే పద్ధతి రెండు క్రియల్లో కూడా ఉంది. 'రిజల్ట్ ఇన్' అంటే ఫలితం వైపు వెళ్తుంది, 'రిజల్ట్ ఫ్రమ్' అంటే కారణం వైపు వెళ్తుంది. "ద రెయిన్ రిజల్టెడ్ ఇన్ ఫ్లడ్స్." "ద ఫ్లడ్స్ రిజల్టెడ్ ఫ్రమ్ ద రెయిన్." ప్రిపొజిషన్ మారిస్తే వాన వరదై, వరద వానైపోతుంది.

రెండో ప్రశ్న: పూర్తి వాక్యమా, పేరా. దీనికి నేను చెప్పే టెక్నిక్ బొటనవేలు టెక్నిక్. కనెక్టర్ మీద వేలు పెట్టి మూసేయండి. దాని తర్వాత ఉన్న భాగాన్ని మాత్రమే చదవండి. అది సొంతంగా నిలబడే వాక్యమైతే బికాజ్, సిన్స్, యాజ్. నిలబడకపోతే బికాజ్ ఆఫ్, డ్యూ టు, ఓయింగ్ టు.

"ద మ్యాచ్ వాజ్ స్టాప్డ్ డాష్ ఇట్ వాజ్ రెయినింగ్." డాష్ తర్వాత చదవండి: ఇట్ వాజ్ రెయినింగ్. వాక్యంగా నిలబడిందా? నిలబడింది. బికాజ్.

"ద మ్యాచ్ వాజ్ స్టాప్డ్ డాష్ హెవీ రెయిన్." హెవీ రెయిన్. నిలబడిందా? లేదు, ఉత్త పేరు. బికాజ్ ఆఫ్.

ఇంతవరకు అందరికీ తెలుసు. అసలు ఎగ్జామ్ పెట్టే ఉచ్చు ఇది చూడండి:

"ద రోడ్ వాజ్ క్లోజ్డ్ డాష్ ద రెయిన్ దట్ ఫెల్ లాస్ట్ నైట్."

చాలా మంది ఏం చేస్తారు? 'ఫెల్' అనే క్రియ కనబడింది కాబట్టి బికాజ్ టిక్ చేసేస్తారు. వేలు పెట్టి మిగతాది చదవండి: "ద రెయిన్ దట్ ఫెల్ లాస్ట్ నైట్." నిన్న రాత్రి పడిన వర్షం. పడిన వర్షం ఏమైంది? ఏమీ కాలేదు, వాక్యం గాల్లో ఉంది. అంటే క్రియ ఉన్నా ఇది పేరే. ఆన్సర్ బికాజ్ ఆఫ్. మధ్యలో ఆ 'దట్' తీసేస్తే, "ద రెయిన్ ఫెల్ లాస్ట్ నైట్" అవుతుంది, అప్పుడు నిలబడుతుంది, అప్పుడు బికాజ్.

అలాగే "షీ వాజ్ అప్‌సెట్ బికాజ్ ఆఫ్ వాట్ హి సెడ్." ఇది కరెక్టే. "వాట్ హి సెడ్" అంటే 'అతను అన్న మాట'. పేరు లాగే పని చేస్తుంది. హి ఉంది, సెడ్ ఉంది, కాబట్టి బికాజ్ ఆఫ్ తప్పు అని మార్క్ చేయకండి. ఐఎన్‌జీ రూపం కూడా అంతే. "బికాజ్ ఆఫ్ హిజ్ కమింగ్ లేట్" కరెక్ట్. "బికాజ్ ఆఫ్ హి కేమ్ లేట్" తప్పు. క్రియ ఉందా లేదా అని కాదు, సొంతంగా నిలబడుతుందా లేదా అని చూడండి. ఈ ఒక్క లైన్ నోట్‌బుక్‌లో బాక్స్ కట్టి రాసుకోండి.

"డ్యూ టు ద ఫ్యాక్ట్ దట్" వస్తే? దాని తర్వాత పూర్తి వాక్యం వస్తుంది. 'ఫ్యాక్ట్' అనే పేరు డ్యూ టు ఆకలి తీర్చేసింది, 'దట్' వాక్యాన్ని తెచ్చింది. గ్రామర్ ప్రకారం తప్పు లేదు. కాకపోతే ఐదు పదాల చోట ఒక బికాజ్ సరిపోతుంది.

ఇప్పుడు అందరూ భయపడే డ్యూ టు, ఓయింగ్ టు. పాత గ్రామర్ రూల్ ఏమంటుందంటే, డ్యూ టు విశేషణం లాంటిది, కాబట్టి ఒక నౌన్ గురించి చెప్పాలి, ఎక్కువగా ఈజ్, వాజ్, వర్ తర్వాత రావాలి. "ద డిలే వాజ్ డ్యూ టు ఎ సిగ్నల్ ఫెయిల్యూర్." ఆలస్యం అనే నౌన్ ఉంది, వాజ్ ఉంది, సూపర్. ఓయింగ్ టు మాత్రం మొత్తం పని గురించి చెబుతుంది. "ఓయింగ్ టు ఎ సిగ్నల్ ఫెయిల్యూర్, ద ట్రెయిన్ వాజ్ డిలేడ్." అందుకే వాక్యం మొదట్లో ఓయింగ్ టు పెట్టాలి, డ్యూ టు పెట్టకూడదు అని పాత పుస్తకాలు చెబుతాయి.

నేటి ఇంగ్లిష్‌లో పరిస్థితి మారింది. "డ్యూ టు హెవీ రెయిన్, ద ఫ్లైట్ వాజ్ క్యాన్సిల్డ్" అని పేపర్లలో రాస్తారు, ఎయిర్‌పోర్ట్‌లో అనౌన్స్ చేస్తారు, ఇప్పటి డిక్షనరీలు కూడా ఒప్పుకుంటాయి. మరి ఎగ్జామ్‌లో ఏం చేయాలి? నా సలహా ఇది. ఆప్షన్లలో డ్యూ టు, ఓయింగ్ టు రెండూ ఉంటే పాత రూల్ వాడండి. వాక్యం మొదట్లో ఓయింగ్ టు, వాజ్ తర్వాత డ్యూ టు. ఎర్రర్ స్పాటింగ్‌లో వాక్యం డ్యూ టుతో మొదలైతే ఆగి, ముందు మిగతా వాక్యంలో స్పష్టమైన తప్పు ఉందా చూడండి. సబ్జెక్ట్, వెర్బ్ కుదరకపోవడమో, టెన్స్ తప్పో ఉంటే అదే ఆన్సర్. డ్యూ టు కనబడింది కదా అని గుడ్డిగా దాని మీద పడిపోవద్దు.

ఈజ్, వాజ్ తర్వాత ఓయింగ్ టు పెట్టడం కూడా పాత రూల్ ప్రకారం కుదరదు. థ్యాంక్స్ టు గురించి ఒక్క మాట. ఇది ఎక్కువగా మంచి కారణానికి. "థ్యాంక్స్ టు హర్ సిస్టర్, షీ ఫినిష్డ్ ద కోర్స్." అక్క పుణ్యమా అని కోర్స్ పూర్తి చేసింది. మన 'పుణ్యమా అని' లాగే దీన్ని వెటకారంగా కూడా వాడొచ్చు. కానీ ప్రశ్నలో మంచి జరిగి, ఆప్షన్లలో థ్యాంక్స్ టు ఉంటే దాని వైపు చూడండి.

ఇప్పుడు బికాజ్, సిన్స్, యాజ్, ఫర్. ఈ నాలుగింటికీ వెనకాల పూర్తి వాక్యమే. మరి తేడా ఏంటి?

బికాజ్ కొత్త కారణం చెబుతుంది. ఎదుటివాడికి తెలియని కారణం. అందుకే 'వై' అని ప్రశ్న అడిగితే జవాబు బికాజ్‌తోనే మొదలవ్వాలి. "వై ఆర్ యు లేట్?" అంటే "బికాజ్ ఐ మిస్డ్ ద బస్" అంటాం. "సిన్స్ ఐ మిస్డ్ ద బస్" అనం. ఓన్లీ, జస్ట్, సింప్లీ లాంటి పదాల పక్కన కూడా బికాజ్ ఒక్కటే కూర్చుంటుంది. "జస్ట్ బికాజ్ హి ఈజ్ రిచ్" అవుతుంది, "జస్ట్ సిన్స్ హి ఈజ్ రిచ్" అవ్వదు. "ఇట్ వాజ్ బికాజ్ షీ వాజ్ ఇల్ దట్ షీ మిస్డ్ ద ఎగ్జామ్" లాంటి ఇట్ వాజ్, దట్ నిర్మాణంలో కూడా బికాజే.

సిన్స్, యాజ్ తెలిసిన కారణం చెబుతాయి. "ఎలాగూ" అనే ఫీలింగ్ ఉంటుంది. "సిన్స్ యు ఆర్ ఆల్రెడీ హియర్, హావ్ లంచ్ విత్ అజ్." ఎలాగూ వచ్చావు కదా, భోంచేసి వెళ్లు. వచ్చావన్న సంగతి ఇద్దరికీ తెలుసు. అందుకే ఇవి ఎక్కువగా వాక్యం మొదట్లో కనబడతాయి. వీటికి ఇంకో ముఖం ఉంది, టైమ్. "సిన్స్ 2019" అంటే 2019 నుంచి. "యాజ్ ఐ వాజ్ వాకింగ్" అంటే నడుస్తూ ఉండగా. హావ్ బీన్, హాజ్ బీన్ లాంటి పర్ఫెక్ట్ టెన్స్ పక్కన ఉంటే సిన్స్ టైమ్ చెబుతోందేమో ఒకసారి చెక్ చేయండి.

ఫర్ పాతకాలం పెద్దమనిషి లాంటిది. కారణం చెప్పేటప్పుడు వాక్యం మొదట్లో రాదు. ముందు ఫలితం, తర్వాత కామా, తర్వాత ఫర్. "హి లిట్ ఎ క్యాండిల్, ఫర్ ద రూమ్ వాజ్ డార్క్." బ్లాంక్ వాక్యం మొదట్లో ఉండి, వెనకాల పూర్తి వాక్యం ఉంటే ఫర్‌ని వెంటనే కొట్టేయండి.

మధ్యలో ఒక అపోహ క్లియర్ చేస్తాను. "బికాజ్‌తో సెంటెన్స్ స్టార్ట్ చేయకూడదు" అని స్కూల్లో విన్నారా? మనకు అది నిజమే అనిపిస్తుంది, ఎందుకంటే తెలుగులో 'ఎందుకంటే' ముందు రాదు, ఫలితం చెప్పాకే వస్తుంది. కానీ ఇంగ్లిష్‌లో "బికాజ్ ద రోడ్ వాజ్ బ్లాక్డ్, వి టుక్ అనదర్ రూట్" నూటికి నూరు శాతం కరెక్ట్. షరతు ఒక్కటే. కామా తర్వాత ఫలితం రావాలి. "బికాజ్ ద రోడ్ వాజ్ బ్లాక్డ్" అని ఫుల్‌స్టాప్ పెట్టేస్తే అసంపూర్తి.

మూడో ప్రశ్నకి వద్దాం. ఇంకో కనెక్టర్ ఆల్రెడీ ఉందా? ఒక కారణానికి ఒక ఫలితానికి మధ్య ఇంగ్లిష్ ఒక్క తాడే కడుతుంది. "బికాజ్ ద రోడ్ వాజ్ బ్లాక్డ్, సో వి టుక్ అనదర్ రూట్" తప్పు. "సిన్స్... దేర్‌ఫోర్" తప్పు. "యాజ్... సో" కూడా కారణం అర్థంలో తప్పు. తెలుగులో మనం "రోడ్డు మూసేశారు కాబట్టి, అందుకే వేరే దారిలో వచ్చాం" అని రెండూ వాడేస్తాం, ఎవరూ ఏమీ అనరు. ఆ అలవాటు ఇంగ్లిష్‌లోకి వచ్చేస్తుంది. ఎర్రర్ స్పాటింగ్‌లో మొదటి పదం యాజ్, సిన్స్, బికాజ్ అయితే కళ్లు వెంటనే కామా తర్వాతి పదం మీదకి వెళ్లాలి.

ఇదే కుటుంబంలో ఇంకోటి: "ద రీజన్ ఈజ్ బికాజ్." రీజన్ అంటేనే కారణం. మళ్లీ బికాజ్ ఎందుకు? "ద రీజన్ ఈజ్ దట్" అని రావాలి. మాటల్లో చాలా మంది అంటారు, కానీ టెస్ట్‌లో దాన్ని తప్పుగానే చూస్తారు.

పంక్చుయేషన్ కూడా ఆన్సర్ చెబుతుంది. సో ముందు కామా చాలు. దేర్‌ఫోర్, కాన్సిక్వెంట్లీ లాంటివి అడ్వర్బ్‌లు, రెండు వాక్యాలను కలిపే బలం వాటికి లేదు. అందుకే వాటి ముందు సెమికోలన్‌గానీ ఫుల్‌స్టాప్‌గానీ కావాలి. బ్లాంక్ ముందు సెమికోలన్, తర్వాత కామా కనబడితే అక్కడ దేర్‌ఫోర్ కుటుంబమే ఉండాలి. హెన్స్‌కి మాత్రం ఒక ప్రత్యేకమైన విద్య తెలుసు. దాని వెనకాల ఉత్త నౌన్ కూడా వస్తుంది. "ద సర్వర్ వాజ్ డౌన్, హెన్స్ ద డిలే." ఇది కరెక్ట్.

చివరి జత: సో... దట్, సచ్... దట్. సో పక్కన విశేషణమో, అడ్వర్బో. సచ్ పక్కన నౌన్. "ద బ్యాగ్ వాజ్ సో హెవీ దట్ ఐ కుడ్ నాట్ లిఫ్ట్ ఇట్." "ఇట్ వాజ్ సచ్ ఎ హెవీ బ్యాగ్ దట్ ఐ కుడ్ నాట్ లిఫ్ట్ ఇట్." దట్ ముందు వరకు చూడండి. నౌన్ లేకపోతే సో, నౌన్ ఉంటే సచ్. ఒక మినహాయింపు: మెనీ, మచ్, ఫ్యూ, లిటిల్ అనే నాలుగు పరిమాణ పదాల ముందు నౌన్ ఉన్నా సో వస్తుంది. "సో మెనీ పీపుల్ దట్", "సో మచ్ నాయిస్ దట్." ఇక వెరీ, టూ పక్కన ఈ దట్ రాదు. "వెరీ టైర్డ్ దట్" తప్పు. టూ వస్తే 'టు' కావాలి: "టూ టైర్డ్ టు వాక్."

ఓకే, ఇప్పుడు ప్రాక్టీస్. ప్రతి ప్రశ్న తర్వాత వీడియో పాజ్ చేయండి. చదివేవాళ్లు ఆన్సర్ లైన్ చేత్తో మూసుకోండి. చీటింగ్ వద్దు, ఇది మీ కోసమే.

ఒకటి. "డాష్ హెవీ ట్రాఫిక్ ఆన్ ద బ్రిడ్జ్, వి మిస్డ్ ద ట్రెయిన్." ఆప్షన్లు: బికాజ్, ఓయింగ్ టు, సిన్స్, సో.
ఆన్సర్: ఓయింగ్ టు. 'హెవీ ట్రాఫిక్ ఆన్ ద బ్రిడ్జ్' నిలబడే వాక్యం కాదు. బికాజ్, సిన్స్ అవుట్. అది కారణం కాబట్టి సో అవుట్.

రెండు. "ద షాప్ వాజ్ క్లోజ్డ్; డాష్, వి కేమ్ బ్యాక్." ఆప్షన్లు: బికాజ్, డ్యూ టు, దేర్‌ఫోర్, సిన్స్.
ఆన్సర్: దేర్‌ఫోర్. వెనకాల ఫలితం ఉంది. మిగతా మూడూ కారణం జట్టు. సెమికోలన్, కామా కూడా సాక్ష్యం చెబుతున్నాయి.

మూడు. "డాష్ షీ నోస్ తెలుగు అండ్ హిందీ, షీ వాజ్ సెంట్ టు ద హెల్ప్ డెస్క్." ఆప్షన్లు: సో, డ్యూ టు, హెన్స్, సిన్స్.
ఆన్సర్: సిన్స్. పూర్తి వాక్యం, కారణం, మొదట్లో ఉంది.

నాలుగు, ఎర్రర్. "యాజ్ ద రోడ్ వాజ్ బ్లాక్డ్, / సో వి టుక్ / అనదర్ రూట్. / నో ఎర్రర్."
ఆన్సర్: రెండో భాగం. యాజ్ ఉండగా సో ఎందుకు?

ఐదు, ఎర్రర్. "ద రీజన్ ఫర్ హిజ్ ఆబ్సెన్స్ / ఈజ్ బికాజ్ హి / హాజ్ ఎ ఫీవర్. / నో ఎర్రర్."
ఆన్సర్: రెండో భాగం. ఈజ్ దట్ హి అని ఉండాలి.

ఆరు. "ఇట్ వాజ్ డాష్ బ్యాడ్ వెదర్ దట్ ద ఫ్లైట్ వాజ్ డైవర్టెడ్." ఆప్షన్లు: సో, సచ్, టూ, వెరీ.
ఆన్సర్: సచ్. వెదర్ అనే నౌన్ ఉంది. 'ఎ' లేదే అని కంగారు పడకండి. వెదర్ లెక్కపెట్టలేని నౌన్, దానికి ఎ రాదు. 'బ్యాడ్' పక్కనే ఉంది కదా అని సో పెడితే ఉచ్చులో పడ్డట్టే.

ఏడు, ఎర్రర్. "ద క్లర్క్ రిటర్న్డ్ ద ఫామ్ / బికాజ్ ఆఫ్ వాట్ వాజ్ రిటెన్ / ఇన్ ద థర్డ్ కాలమ్. / నో ఎర్రర్."
ఆన్సర్: నో ఎర్రర్. బికాజ్ ఆఫ్ తర్వాత 'వాజ్ రిటెన్' కనబడి చెయ్యి లాగుతుంది. 'వాట్' మొత్తాన్ని పేరుగా మార్చేసిందని గుర్తుంచుకోండి.

ఎనిమిది. "డాష్ ద రెయిన్, దే ప్లేడ్ ద హోల్ మ్యాచ్." ఆప్షన్లు: బికాజ్ ఆఫ్, డ్యూ టు, డిస్పైట్, ఆల్దో.
ఆన్సర్: డిస్పైట్. ఇది కావాలనే పెట్టాను. వాన పడింది, అయినా ఆడారు. ఇక్కడ వాన కారణం కాదు, అడ్డంకి. 'వల్ల' కాదు, 'పడినా కూడా'. రెయిన్, మ్యాచ్ కనబడగానే బికాజ్ ఆఫ్ అనేసే తొందర ఉంటుంది చూడండి, ఆ తొందరకే మార్కులు పోతాయి. డిస్పైట్ తర్వాత పేరు, ఆల్దో తర్వాత పూర్తి వాక్యం. మళ్లీ అదే బొటనవేలు.

ఎన్ని వచ్చాయి? ఎనిమిదికి ఆరు పైన వస్తే ఈ టాపిక్ మీ చేతిలో ఉన్నట్టే. నాలుగు లోపు వస్తే ఏ ప్రశ్న దగ్గర ఆగారో చూసుకోండి. దిశ దగ్గరా, పేరా వాక్యమా దగ్గరా, రెండో కనెక్టర్ దగ్గరా? మొత్తం వీడియో మళ్లీ చూడక్కర్లేదు, ఆ భాగం ఒక్కటి చూడండి.

ఇంకొక్క విషయం చెప్పి ముగిస్తాను. ఇది ఎగ్జామ్ దాటిన విషయం.

"ఐ డిడ్ నాట్ లీవ్ ద జాబ్ బికాజ్ ఆఫ్ ద శాలరీ." ఇంటర్వ్యూలో ఈ మాట అన్నారనుకోండి. దీనికి రెండు అర్థాలు ఉన్నాయి. ఒకటి, ఉద్యోగం మానేశాను, కానీ కారణం జీతం కాదు. రెండు, జీతం బాగుంది కాబట్టి ఉద్యోగం మానలేదు. ఒక అర్థంలో మానేశారు, ఇంకో అర్థంలో అక్కడే ఉన్నారు! తెలుగులో "జీతం వల్ల ఉద్యోగం మానలేదు" అన్నా ఇదే గొడవ. కాబట్టి నాట్, బికాజ్ ఒకే వాక్యంలో వస్తే జాగ్రత్త. "ఐ లెఫ్ట్ ద జాబ్, బట్ నాట్ బికాజ్ ఆఫ్ ద శాలరీ" అంటే అవతలివాళ్లకి డౌట్ ఉండదు. కాంప్రహెన్షన్ ప్యాసేజ్‌లో నాట్, బికాజ్ కనబడితే కూడా ఒక్క క్షణం ఆగి, ఏది జరిగింది, ఏది జరగలేదు అని చూసుకోండి.

రేపు ఉద్యోగం వచ్చాక మీరు ఎక్కువగా రాసేవి ఇలాంటి వాక్యాలే. లీవ్ ఎందుకు కావాలి, ఫైల్ ఎందుకు ఆలస్యమైంది, కస్టమర్ అప్లికేషన్ ఎందుకు వెనక్కి వచ్చింది. ప్రతి దాంట్లో ఒక కారణం, ఒక ఫలితం. ఎవరి తప్పు, ఎవరిది కాదు అన్నది ఒక్కోసారి ఆ చిన్న పదం మీదే ఆధారపడుతుంది. అందుకే దీన్ని ఉత్త మార్కుల టాపిక్‌లా చూడొద్దు.

కామెంట్ పెట్టిన ఆ చెల్లికి నా జవాబు ఇది. అమ్మా, తెలుగు మీడియం నీకు అడ్డం కాదు. నాలుగూ 'వల్ల' లాగే ఉన్నాయని గమనించావంటే, నువ్వు తెలుగును శ్రద్ధగా చూస్తున్నట్టే. అదే శ్రద్ధతో ఇంగ్లిష్‌లో ఆ పదం తర్వాత ఏముందో చూడు. మిగతా పని బొటనవేలు చేస్తుంది.

మీకు హోమ్‌వర్క్. "నిన్న కరెంటు పోయింది, నేను చదవలేకపోయాను." ఈ ఒక్క విషయాన్నే బికాజ్, బికాజ్ ఆఫ్, సో, దేర్‌ఫోర్, యాజ్ ఎ రిజల్ట్ ఆఫ్ పెట్టి ఐదు రకాలుగా ఇంగ్లిష్‌లో కామెంట్స్‌లో రాయండి. తప్పులుంటే నేను చెబుతాను, ఒకరికొకరు కూడా దిద్దుకోండి, కానీ ఎవరినీ వెక్కిరించొద్దు. వచ్చే ఎపిసోడ్‌లో ఆల్దో, డిస్పైట్, ఇన్ స్పైట్ ఆఫ్, ఈవెన్ దో చూద్దాం. ఈ వీడియో మీకు ఉపయోగపడితే మీతో పాటు ప్రిపేర్ అవుతున్న ఒక్క ఫ్రెండ్‌కి షేర్ చేయండి. ఆల్ ద బెస్ట్. మళ్లీ కలుద్దాం, బై!